పద్నాలుగు నిమిషాల నగారా

గుట్ట మీది దర్గాలో నగారా యంత్రం రోజూ కాలం తప్పుతోంది. ఎందుకు తప్పుతోందో దాన్ని చేసిన వన్నూరప్పకే అంతుపట్టడం లేదు.

గుట్ట కింద తొమ్మిది మంది రైతులకు ఒకటే బోరు. కరెంటు పొద్దున ఎనిమిదికి వచ్చి సాయంత్రం అయిదుకు పోతుంది. మనిషికో గంట నీళ్లు. ఎవరి ఫోను వాళ్లకు అనుకూలంగా నడుస్తుంది గనక, దర్గాలో నగారా మోగితేనే నీళ్లు పక్క చేనికి మళ్లించాలని కట్టుబాటు.

ముప్పై ఏళ్లు ఆ నగారా కొట్టిన హుస్సేనప్పకు ఈ మధ్య భుజం పట్టేసింది. పాలిటెక్నిక్ ముగించి, దర్గా పెద్ద ఫకీరప్ప తాత దగ్గర శిష్యుడిగా చేరిన వన్నూరప్ప, ఒక మైక్రోకంట్రోలర్ చిప్పు, ఒక మోటారు, రెండు కర్రలు కలిపి యంత్రం బిగించాడు.

"మనిషి చెయ్యి నొస్తుంది తాతా. ఇది సెకను కూడా తప్పదు" అన్నాడు.

"సెకను కూడానా?" అని మాత్రం అడిగాడు తాత.

సోమవారం సుంకమ్మ గుట్టెక్కి వచ్చింది. చివరి వంతు ఆమెదే.

"నామీద నీ యంత్రానికేమన్నా పగా నాయనా? నాలుక్కు మోగాల్సింది నాలుగూ పద్నాలుక్కు మోగుతాంది. అయిదుకు కరెంటు పోతాంది. శెనక్కాయ ఊడలు నేలకు దిగే టైమిది, తడి తక్కువైతే ఎట్లా?"

"క్రిస్టల్ ఎండకు తట్టుకోలేకుండా ఉందత్తా. మంచిదానికి చెప్పిండాను, ఈరోజే వస్తాది." క్రిస్టల్ అంటే చిప్పుకు కాలం కొలిచిపెట్టే చిన్న ముక్క. వన్నూరప్ప అప్పటికే ఒకదాన్ని పీకి రెండోది పెట్టాడు. ఇది మూడోది.

"శుక్రవారం దాకా చూస్తాం. ఆ పొద్దు కూడా తప్పిందంటే మళ్లా హుస్సేనప్పనే కొట్టమంటాం, భుజం ఊడొచ్చినా సరే." ఆమె దిగిపోయింది.

మంగళవారం ఎండకూ వానకూ చలించని మూడో క్రిస్టల్ పెట్టుకుని యంత్రం నడిచింది. సాయంత్రం నగారా ఠంచనుగా మోగింది, నాలుగూ పద్నాలుక్కు.

వన్నూరప్ప తల పట్టుకున్నాడు. "ఎండకు తప్పితే ఒకరోజు పది, ఒకరోజు ఇరవై తప్పాల గదా తాతా. మూడు క్రిస్టళ్లు మార్చినా అదే పద్నాలుగేంది?"

తాతకు చిప్పుల సంగతి తెలియదు. అయినా కుతూహలంగా దగ్గరికి జరిగాడు. "ఇది ఎట్లా లెక్కపెడతాది, చెప్పు?"

"పొద్దున కరెంటు రాగానే గంట లెక్కపెట్టి, రెండు నిమిషాలు నగారా కొడతాది. దూరం చేన్లకు వినపడాల గదా. కొట్టడం అయిపోయినాక గంట లెక్కపెడతాది. మళ్లా కొడతాది."

"బాగుంది. రేపట్నుంచి నేనూ అదే పద్ధతిలో తింటా" అన్నాడు తాత.

బుధవారం పన్నెండుకు ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. రాగిముద్ద, ఊరుబిండి పచ్చడి. తాత నమిలి నమిలి నలభై నిమిషాలు తిన్నాడు. దర్గాలో తాత ముద్ద తుంచనిదే ఎవరూ తినరు, తాత లేవనిదే ఎవరూ లేవరు.

గురువారం పన్నెండుకు తాత రాలేదు. వన్నూరప్ప కంచాలు పెట్టి, మూతలు పెట్టి, మూతలు తీసి చూసి, మళ్లీ పెట్టాడు. పన్నెండూ నలభైకి తాత తీరిగ్గా వచ్చి కూర్చున్నాడు.

"ఒంట్లో బాగలేదా తాతా?"

"బ్రహ్మాండంగా ఉంది. నిన్న తిని చెయ్యి కడుక్కున్నది పన్నెండూ నలభైకి. అప్పట్నుంచి రోజు నిండొద్దా?"

ఆరోజూ తాత నలభై నిమిషాలే తిన్నాడు.

శుక్రవారం ఒంటిగంట దాటింది. వన్నూరప్ప కడుపులో వేరే నగారా మోగుతోంది. సాయంత్రం నాలుక్కు సుంకమ్మ ఏమంటుందో అన్న దిగులు ఒకవైపు, కళ్లముందు ఆవిర్లు పోతున్న ముద్ద ఒకవైపు. ఒంటిగంటా ఇరవైకి తాత వచ్చాడు.

"ఇట్లయితే వచ్చే వారానికి పొద్దుగూకినాక తింటాం తాతా" అన్నాడు వన్నూరప్ప, శిష్యుడినన్న సంగతి కాస్త పక్కనపెట్టి. "తినడం అయిపోయిన కాడ్నుంచి లెక్కపెడితే ఎట్లా? మొదలుపెట్టిన కాడ్నుంచి లెక్కపెట్టాల. లేకుంటే తిన్నంతసేపూ రోజూ కలుస్తానే పోతాది..."

ముద్ద తుంచబోతున్న తాత చెయ్యి ఆగింది. "ఎవరికి చెప్తాండావు?"

వన్నూరప్ప యంత్రం వైపు తిరిగాడు.

"తొమ్మిది నుంచి మూడు దాకా ఏడు సార్లు" అని గొణిగాడు. "ఏడు రెళ్లు..."

కంచం అక్కడే వదిలి లేచాడు. తాత లేవక ముందే లేవడం అదే మొదటిసారి.

లాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రాంలో గంట లెక్క మొదలయ్యే చోటును నగారా చివరి దెబ్బ నుంచి మొదటి దెబ్బకు మార్చాడు. మారిందల్లా అంతే. సరిగ్గా మూడింటికి మోగేట్టు యంత్రాన్ని తిరిగి నడిపించి, గుట్ట అంచున నిలబడి కిందికి చూస్తూ ఉండిపోయాడు.

నాలుగైంది. నగారా మోగింది. కింద సుంకమ్మ ఫోను చూసుకుంది, గుట్ట వైపు ఒకసారి తల ఎత్తింది, వంగి వాల్వు తిప్పింది.

వన్నూరప్ప వెనక్కి వచ్చేసరికి తాత పనిముట్ల డబ్బాలోంచి మొదటి క్రిస్టల్ బయటికి తీసి, కళ్లద్దాలకు ఆనించి చూస్తున్నాడు.

"దీన్ని దీని చోట్లో పెట్టెయ్యి. పాపం, ఊరికే తిట్లు తినింది."

శనివారం పన్నెండుకు ఆ పాత క్రిస్టల్‌తోనే నగారా మొదటి దెబ్బ పడింది. తాత అప్పటికే కంచం ముందు కూర్చుని ఉన్నాడు.

"అది కొట్టడం అయిపోయేదాకా ఆగుదామా?" అన్నాడు.

వన్నూరప్ప రెండో దెబ్బ పడక ముందే ముద్ద వడ్డించాడు.