జింక మెడలో గంట

అనగనగా ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు: జయకేతు, విజయకేతు, చిట్టికేతు. మూడోవాడి దగ్గరికొచ్చేసరికి రాజుగారికి పేర్లు అయిపోయాయి.

ఏడు సముద్రాల అవతల భస్మకేశుడనే మాంత్రికుడు ఉండేవాడు. ప్రాణం చిలకలో దాస్తే అందరికీ తెలిసిపోతోందని, వాడు హేమాంగి అనే రాజకుమారిని జింకగా మార్చి, మెడలో వెండిగంట కట్టి, ఆ గంటలో తన ప్రాణం దాచుకుని, జింకని అడవిలో వదిలేశాడు. గంట విప్పితే వాడు చస్తాడు, ఆమె మనిషవుతుంది. తొలకరి పడేలోగా విప్పకపోతే ఇక ఎప్పటికీ జింకే.

"మరి కాపలా ఎవరు?" అని శిష్యులు అడిగితే, "మనిషి వాసనే కాపలా" అని నవ్వాడు.

ఆ గుట్టు శిష్యుల నోటే పొక్కింది. హేమాంగిని విడిపించాలని అన్నదమ్ములు ముగ్గురూ ఏడు సముద్రాలూ దాటారు. ఎలాగని అడక్కండి, పడవలో.

పెద్దవాడు మంగళస్నానం చేసి, జవ్వాది పూసుకుని బయల్దేరాడు. వాడింకా అడవి అంచున ఉండగానే జింక ముందుకాలు తాటించి, తోక ఎత్తి మాయమైంది.

"స్నానం చేస్తే ఎట్లా అన్నయ్యా?" అంటూ రెండోవాడు ఒళ్లంతా బురద పూసుకుని వెళ్లాడు. గాలేమో వాడి వీపు వైపునుంచి వీస్తోంది. మూటలోనేమో మాగాయ. ఆ పూట అడవిలో ఒక్క జింకా కనబడలేదు.

చిట్టికేతు వెళ్లి ఒక చెట్టుకింద చతికిలబడ్డాడు. పైన కొండముచ్చు చిగుళ్లు తుంచి పడేస్తోంది. అవి ఏరుకు తినే జింకలు దూరంగానే ఆగిపోయాయి.

"అబ్బీ, నీ మూలాన నా చుట్టాలు పస్తున్నారు" అంది కొండముచ్చు.

"లేచి పోనా?"

"పోతే రేపు మళ్లీ కొత్తవాడిలా వస్తావు. కొత్త వాసనంటేనే వాళ్లకి భయం. ఇక్కడే ఉండు. బట్ట మార్చకు. కళ్లలోకి చూడకు. చెయ్యి చాచకు."

"ఎన్నాళ్లు?"

"వాళ్లు నిన్నూ ఒక చెట్టనుకునేదాకా."

చిట్టికేతు కూర్చున్నాడు. కొండముచ్చు పడేసిన పండ్లే తిన్నాడు. జింకలు రోజూ కాస్త దగ్గరికొచ్చేవి, వాసన చూసేవి, వెనక్కి పోయేవి. ఈలోగా మబ్బులు కమ్మాయి.

"గంట జింక అదిగోరా, దూకి పట్టుకో" అని అన్నలు గట్టుమీంచి సైగలు చేశారు. చిట్టికేతు కదల్లేదు.

ఉరిమింది. గంట చప్పుడు దగ్గరైంది. జింక వాడి చెమట ఉత్తరీయాన్ని మూచూసింది, అరచేతిలో ఉప్పు నాకింది, ఆపైన తలవంచింది. వాడు మెల్లగా ముడి విప్పాడు. అప్పుడు పడింది మొదటి చినుకు.

అక్కడ మాంత్రికుడు నోటికెత్తిన ముద్ద ఎత్తినట్టే ఉండగా బూడిదయ్యాడు. ఇక్కడ హేమాంగి వానలో నిలబడి తుమ్మింది.

పెళ్లిరోజున రాణిగారు సున్నిపిండి గిన్నె పట్టుకొచ్చి, "ముందు ఆ మాసిన ఉత్తరీయం అవతల పారెయ్యరా" అంది.

హేమాంగి గబుక్కున అడ్డొచ్చింది. "స్నానం చేయించండి అత్తయ్యగారూ. ఆ ఉత్తరీయం మాత్రం నాకివ్వండి. ఆ వాసన లేకపోతే ఈయనెవరో నాకెలా తెలుస్తుంది?"

దాని కొంగుతోనే బ్రహ్మముడి వేశారు. వాళ్లు చాలాకాలం చల్లగా ఏలారు. ఆ రాజ్యంలో జింకలు కోట గుమ్మందాకా వచ్చి మేసేవట.

మీరు మాత్రం ఈ కథ చెప్పి స్నానం ఎగ్గొట్టాలని చూడకండి. మీ అమ్మ జింక కాదు, వాసనకి పారిపోదు. చెవి పట్టుకుని లాక్కెళుతుంది.