పందికొక్కుకి కొన్న కోతుల బోను

మొదట్లో నా చేతిలో ఉన్నది రెండు వేల రెండొందల రూపాయలు. దానికి మా ఇంటిల్లిపాది తెలివి కలుపుకోండి. డబ్బు ఎవరి దగ్గరైనా ఉంటుంది గానీ, అంత తెలివి ఒకే కప్పు కింద ఉండటం మా వైపు పల్లెల్లో ఎక్కడా లేదు. మా నాన్న సింహాద్రి ఎవరు ఏం చెప్పినా మాట పొల్లుపోకుండా పాటిస్తాడు. బాబాయి తాతబ్బాయి చూసిన కొలత మర్చిపోడు. అమ్మ చేతి వంట సంగతి చెప్పనక్కర్లేదు. ఇక లెక్కలు నావి. ఊళ్ళోవాళ్ళు మా ఇంటి ముందు నుంచి వెళ్తూ ఊరికే నవ్వుకుంటూ పోతారు. కుళ్ళు.

ఆ ఏడు నాన్న నాకు పది సెంట్ల మెట్ట ఇచ్చి ఒక మాటన్నాడు. శివరాత్రికి ఉపవాసాలుండేవాళ్ళందరికీ చిలకడదుంపలు కావాలి. నా పంట ఆ ముందురోజు సంతకి చేరితే చేను నాది, వ్యవసాయం నాది. చేరకపోతే మా మేనమామ వీర్రాజు జీడిపిక్కల బట్టీలో పనికి పోవాలి. పిక్కలు కొట్టి కొట్టి మామయ్య వేళ్ళు ఎంత నల్లబడ్డాయో నేను చిన్నప్పుడే చూశాను. అంతే, ఇరవై నాలుగు చాళ్ళు వేశాను. దుంప ఊరింది. శివరాత్రి ఇంకా పన్నెండు రోజులుందనగా పందికొక్కులు రెండు చాళ్ళు తవ్వేశాయి.

పేటలో బోన్లు అమ్మే మరిడయ్య దగ్గరికి బయల్దేరాం. కన్నం కొలత తెలిస్తేనే సరైన బోను ఇస్తాడని ఎవరో చెప్పారు. బాబాయి కన్నం దగ్గర కూర్చుని రెండు అరచేతులూ జానెడు ఎడంగా పెట్టి, చేతులు అలాగే గాల్లో పట్టుకుని బస్సెక్కాడు. కండక్టరు టికెట్టంటే నేనే తీశాను. బస్సు కుదుపుకి పడబోతే నేనే పట్టుకున్నాను. అంతా బాగానే ఉంది. ఇంతలో మా ఊరి బడి మాస్టారు ఎక్కారు. బాబాయికి పెద్దలంటే గౌరవం, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టేశాడు.

ఇంకేముంది, కొలత పోయింది.

నేను కంగారు పడలేదు. తక్కువైతే పనికిరాదు, ఎక్కువైతే నష్టం లేదు, కాబట్టి నమస్కారానికి ఒక జాన చొప్పున కలుపుకోమన్నాను. పేట చేరేలోగా మొత్తం నలుగురు పెద్దలు ఎక్కారు. బస్సు దిగేసరికి బాబాయి చేతులు అయిదు జానల ఎడంగా ఉన్నాయి, తలుపులోంచి అడ్డంగా తిరిగి దిగాడు.

మరిడయ్య ఆ చేతులు చూసి, మీ చేలో తిరిగేది పందికొక్కేనా అని రెండుసార్లు అడిగాడు. ఎలుకలకి చెక్క మీద స్ప్రింగుది, పందికొక్కులకి ఇనప తీగెల పెట్టె, ఇవి చాలంటాడు. పెట్టెకి ఒకటే పడుతుందట. నేను లెక్కేశాను. మూల పడి ఉన్న పాత కోతుల బోనులో నలభై పడతాయి. రెండు వేలకి బేరమాడి కొనేశాం. మరిడయ్య మమ్మల్ని కాసేపు అలా చూసి, జాగ్రత్తలు చెప్పాడు. ఒక్క ముక్క పోకుండా కాగితం మీద రాసుకున్నాను.

మనిషి వాసన తగిలితే అది దగ్గరికి రాదు. రోజూ తినేదానికంటే రుచైనది ఎర పెట్టాలి. మూడు రోజులు తలుపు పడకుండా కట్టేసి ఉంచి, వచ్చి తినిపోవడం అలవాటు చెయ్యాలి. బోనులో ఏది పడ్డా చంపకుండా, దారి గుర్తుపట్టకుండా, మూడు ఊళ్ళ అవతల వదిలెయ్యాలి.

మనిషి వాసన తగలకూడదంటే మనిషి పెట్టకూడదనే కదా. నాన్న బోనుని తాడుతో మా గేదె మెడకి కట్టి చేలోకి తోలాడు. గేదె బోనుని ఈడ్చుకుంటూ వెళ్ళి, సరిగ్గా నడిమధ్యలో ఆగింది. మేం చప్పట్లు కొట్టాం. అది అక్కడే పడుకుని పొద్దుగూకేదాకా తీగ మేసింది, పొర్లింది, దుంపలు తొక్కింది. అయిదు చాళ్ళు పోయాయి. అయినా బోను మీద మనిషి వాసన లేదు.

ఎర సంగతి అమ్మ చూసుకుంది. పందికొక్కు రోజూ తినేది పచ్చి దుంప, కాబట్టి ఉడికించి, బెల్లం పాకంలో వేసి, పైన కొబ్బరి చల్లింది. మొదటిరోజు రెండు చాళ్ళ దుంపలు తవ్వి వండాం. పొద్దున్నకి గిన్నె ఖాళీ. వచ్చినవాళ్ళు చుట్టాలకి చెప్పి ఉంటారని రెండోరోజు నాలుగు చాళ్ళు తవ్వాం. మూడోరోజు ఎనిమిది. ఆ మూడు రోజులూ అవి మట్టిలో ఉన్న దుంప ఒక్కటి ముట్టలేదు. ఈ బోను పనిచేస్తోందని నాన్న ఊరంతా చెప్పాడు.

మూడోరోజు రాత్రి తలుపు కట్టు విప్పేశాం. నాలుగోరోజు పొద్దున ఒకటి దొరికింది. కోతుల బోను చువ్వల మధ్య ఎడం ఎక్కువ, మిగతావి దర్జాగా వచ్చి పోతున్నాయి. ఇదొక్కటే అమ్మ వంటకి బాగా ఒళ్ళు చేసి, లోపలికి దూరి, తిన్నాక బయటికి పట్టలేదు.

నేనూ బాబాయీ దాన్ని గోనెసంచిలో వేసుకుని బయల్దేరాం. దారి గుర్తుపట్టకూడదు కదా, జీడితోటలోకి దిగి ప్రతి చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాం. అరవై రెండు చెట్లకి నూట ఎనభై ఆరు చుట్లు. ఆఖరి చుట్టు అయ్యాక బాబాయి నెమ్మదిగా అడిగాడు.

"ఒరే నూకరాజూ, మనూరు ఎటుందిరా?"

నాకు చుట్ల లెక్క తెలుసు గానీ ఊరు తెలీదు. మూడో ఊరు సంగతి తర్వాత, మొదటి ఊరే దొరకలేదు. చీకటి పడకముందే ఇల్లు చేరాలని సంచి మూతి విప్పాం. పందికొక్కు ఒకసారి వాసన చూసి, తిన్నగా నడిచింది. దానికి తెలుసులా ఉందిరా అన్నాడు బాబాయి. దాని వెనకే నడిచాం. ఒళ్ళు బరువెక్కింది కాబట్టి అది మమ్మల్ని వదిలేసి పరిగెత్తలేదు. మధ్యాహ్నానికి మా చేలో దింపింది. దారి చూపించిన ప్రాణి ఆకలితో ఉంటుందని అమ్మ గిన్నెడు పాకం దుంపలు పెట్టింది. అప్పట్నుంచి అది మా గుమ్మం దగ్గరే ఉంటోంది.

మిగిలినవి మూడు చాళ్ళు. సంత ముందురోజు అవీ తవ్వేస్తే రెండు బస్తాలయ్యాయి. రెండైనా సంతకి చేరితే చాలు, చేను నాదే. పొద్దున్నదాకా వాటిని ఎక్కడ దాచాలా అని ఆలోచించాను. ఇంట్లో అన్నిటికంటే గట్టిది చేలోంచి తెచ్చి పెట్టుకున్న ఇనప బోను. బస్తాలు అందులో పెట్టాం. చువ్వల సందుల్లోంచి పందికొక్కులు దూరతాయని గుర్తొచ్చి, కాపలాకి నేను కూడా దూరి బస్తాల మీద కూర్చున్నాను. కాలు కొక్కేనికి తగిలింది. టప్పున తలుపు పడింది.

నాన్న నవ్వుతూ వచ్చి తలుపు మీద చెయ్యి వేశాడు. బాబాయి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగన్నయ్యా. ఏది పడ్డా మూడు ఊళ్ళ అవతల వదలమన్నాడు."

నాన్న నా వైపు చూశాడు. "అలాగన్నాడా?"

కాగితం నా జేబులోనే ఉంది. తీసి చదివాను. అలాగే ఉంది. రాసింది నేనే, కాదని ఎలా అంటాను?

మూడో ఊరు మామయ్య బట్టీ ఉన్న ఊరు. సంత దానికి సరిగ్గా ఎదురు దిక్కున. ఎర కదపకూడదని బస్తాలు నాతోనే ఉంచేశారు. నాన్న అటు బండి కడుతున్నాడు. బాబాయి దారి గుర్తుపట్టకుండా తన తువ్వాలుతో నా కళ్ళకి గంతలు కట్టాడు, పాపం, మరీ బిగించలేదు.

నేనేం దిగులు పడటం లేదు. అన్నీ లెక్కేసుకున్నాను. సంత మొదలవడానికి ఇంకా పద్దెనిమిది గంటలుంది. వెళ్ళడానికి నాలుగు, రావడానికి ఆరు, అక్కణ్ణుంచి సంతకి మూడు, అయినా అయిదు గంటలు మిగులు. తిరుగుదారి ఒక్కటే చిక్కు, దానికీ ఉపాయం ఉంది. అమ్మ గొంతు ఇటే వస్తోంది. దగ్గరికి రాగానే, గుమ్మం దగ్గరున్న పందికొక్కుని సంచిలో వేసి నా పక్కన పెట్టమని అడుగుతాను. దాని కళ్ళకి మాత్రం గంతలు కట్టొద్దని చెప్పాలి.