చిల్లు మూకుట్లో చింతచెట్టు

అనగనగా ఒక ఊరు, ఊరికో రాజు, రాజుకో రాణి. ఆ రాణి కాళ్ళు పడిపోయి మంచం పట్టింది. కదిపితే ప్రాణం పోతుందన్నారు వైద్యులు. ఆవిడకి ఒక్కటే దిగులు. పుట్టింటి పెరట్లో చింతచెట్టు కింద పెరిగిందట, పోయేలోగా చింతచెట్టుని ఒక్కసారి కళ్ళారా చూడాలట.

చెట్టుని గదిలోకి తెచ్చినవాళ్ళకి ఊరు రాసిస్తానని రాజు చాటింపు వేయించాడు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, గోడకి చెబుతున్నానా!

ఒకడు కొమ్మ నరికి తెచ్చాడు. మూడోనాటికి ఎండింది. ఇంకొకడు మొక్కని వెండి గిన్నెలో పెట్టి పూటపూటా పాలు పోశాడు. కుళ్ళింది. పాలు పొయ్యడానికి అదేమన్నా చంటిపిల్లా? ముద్దు ఎక్కువైనా చస్తాయర్రా చెట్లు!

కుమ్మరి గురవయ్య కోడలు పైడమ్మ మట్టికని గుట్టెక్కితే, బండ సందులో మోకాలెత్తు చింత కనిపించింది. మొక్క కాదు, చెట్టే! మేకలు కొరికి, ఎండ కాల్చి ఎదగనివ్వలేదు గానీ, మొదలు నా చెయ్యిలాగే ముడతలు పడి ఉంది. ఎంత ఓర్చుకున్నావే తల్లీ అని దణ్ణం పెట్టింది.

తొలకరిదాకా ఆగి, లావు వేరు కోసి, జుట్టులాంటి సన్న వేళ్ళూ మన్నుతో సహా చెట్టుని పెకలించి తెచ్చింది. పచ్చి మూకుడు అడుగున పుల్లతో చిల్లు పొడిచి కుండలు కాల్చే ఆవంలో కాల్చింది. అత్త గుండెలు బాదుకుంది. కుండకి చిల్లు పెట్టేది కాటి దగ్గరే కదా!

“ఓసి నా కొంపతల్లీ! నీ మామ బతికుండగానే ఇదేం పనే?”

“నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళవా అత్తా? పొలానికి గండి కొట్టమూ?”

చెట్టుని ఆ మూకుట్లో నాటి మూడు వానాకాలాలు కాచింది. మన్ను ఆరితే నీళ్ళు, నీళ్ళు తాగితే ఎండ, ఎండ తగిలితే చిగురు, చిగురు ఎక్కువైతే గిల్లు, గిల్లినచోట కొమ్మ!

కోటకి తెచ్చేసరికి చిల్లులోంచి చుక్క కారింది. రోగిష్టి గదిలోకి చిల్లుకుండా అని రాజు కత్తి దూశాడు.

“నరకండి మహారాజా! వెండి గిన్నెకి చిల్లు లేదు, అందులో మొక్కేదీ?” అంది పైడమ్మ.

లోపలికి పంపమని రాణి కేకేసింది. చెట్టుని కిటికీలో పెట్టారు. పొద్దు వాలింది. వాలుతుంటే, ఒక్కొక్క ఆకూ రెండు చేతులు జోడించినట్టు ముడుచుకుంది. మూరెడు చెట్టు, మహావృక్షంలాగే నిద్రపోయింది! రాజు కత్తి కింద పెట్టి, నేలమీద బోర్లా పడుకుని, తలెత్తి చూశాడు. కొమ్మల వెనక ఆకాశం కనిపించింది. అంతటి రాజూ చీమంత అయిపోయాడు.

తెల్లారగానే పైడమ్మ మూకుడు ఎత్తింది. చెట్టుకి ఎండ కావాలి, గదిలో బతకదంది. రాణి దాన్ని చూసి, తన మంచాన్ని చూసి, “బండలోంచి పెకలిస్తేనే చావలేదు అది. నన్ను వాకిట్లోకి మోస్తే చస్తానా? ఎత్తండి!” అంది.

ఎత్తారు. చావలేదు. చెట్టు వెనకాలే రోజూ మంచం! పైడమ్మకి ఊరొచ్చింది. ఇక అత్త ఏం చేసిందనుకున్నారు? అరుగుమీద కూర్చుని, తనే మూకుళ్ళకి చిల్లులు పొడిచింది!

వేరు కోసినంత మాత్రాన చావమర్రా, ఎండా వానా ఉంటే. కథ కంచికెళ్ళింది, మీరు దుప్పట్లోకి దూరండి.