ఆనతిగుట్ట తల్లి

పూర్వం పెన్నాతీరాన, ఎర్రరాళ్ల గుట్టల నడుమ ఒక చిన్న సీమను గుండభూపతి అనే సామంతుడు పాలించేవాడు. ఆయన ధర్మపరుడే గాని, వంశాచారమంటే వెనకాముందూ చూసేవాడు కాడు. ఆ వంశంలో రాణి ప్రసవవేళ నలుగురు కొలువుపెద్దలు పురిటిగదిలో నిలిచి, బిడ్డ పుట్టుకను కళ్లారా చూసి సాక్ష్యం పలకాలి. పలకకుంటే ఆ బిడ్డకు సింహాసనం లేదు. అంతకుముందరి రాణులందరూ పళ్లబిగువున ఆ అవమానాన్ని భరించినవారే. దానికి మర్యాద అని పేరుపెట్టుకున్న ఘనులు మా పూర్వులు.

రాణి అన్నెమదేవికి నొప్పులు మొదలైన ఉదయాన ఆ నలుగురూ తలపాగాలు సవరించుకుంటూ గదిలోకి వచ్చారు. ఆమె వారిని బయటికి పొమ్మంది. రాజు వచ్చి, "దేవీ, కాస్త ఓర్చుకో. లేకుంటే బిడ్డకు రాజ్యం దక్కదు" అన్నాడు. "ఒళ్లు నాది ప్రభూ. నన్ను అడిగినవారెవరు?" అని ఆమె మంత్రసాని పోలక్క భుజం పట్టుకుని, కోట వెనుక గుట్టెక్కి, అమ్మవారు వెలసిన గుహలో ప్రవేశించింది. నా మానం కాపాడమని ఆ తల్లి పాదాలు పట్టుకుంది. మరుక్షణమే గుహ పక్కనున్న బండ దానంతట అదే కదిలి ద్వారాన్ని మూసివేసింది.

వెనుకే గుట్టెక్కి వచ్చిన రాజు ఏనుగును తెప్పించి బండను నెట్టించాడు. బండ కదలలేదు. లోపలినుంచి పోలక్క గొంతు మాత్రం వినబడింది.

"దొరసానమ్మా, కడుపుమీద చెయ్యి వేసి చూడనా?"

"చూడు."

"పక్కకు తిప్పనా?"

"ఆగు."

పోలక్క ఆగింది. పుట్టి బుద్ధెరిగి ఎవరినీ ఏదీ అడిగి ఎరగని రాజు ఆ మాటలు విని సిగ్గుపడ్డాడు. ఏనుగును పంపివేసి, బండ దగ్గర నిలబడి, "దేవీ, లోపలికి రావచ్చునా?" అన్నాడు.

"ఇప్పుడు కాదు" అంది రాణి.

రాజు అక్కడే, ఎండలో, నేలమీద కూర్చున్నాడు. మా సీమ ఆయనను తలుచుకునేది గెలిచిన యుద్ధాలకు కాదు, అలా కూర్చున్నందుకే. పొద్దువాలే వేళకు పసిబిడ్డ ఏడుపు వినబడింది. "ఇప్పుడు రండి" అని రాణి ఆనతి ఇవ్వగానే బండ తొలగింది. సాక్ష్యం లేదని గొణిగిన పెద్దలతో, "తల్లి మాటకు మించిన సాక్ష్యమేది?" అని రాజు ఆ ఆచారాన్ని అక్కడే మాన్పించాడు. ఆ రోజు పుట్టిన ఆడబిడ్డే తరువాత ఆ సీమను ఏలింది. నాటినుంచి అది ఆనతిగుట్ట, గుహలోని అమ్మవారు ఆనతమ్మ.

ఏనుగు దంతాలు గీసిన చారలతో ఆ బండ నేటికీ గుహ పక్కనే ఉంది. ఏటా జాతరనాడు ఊళ్లోని నిండుచూలాలు ఒకతె ముందుగా ఇప్పుడు గర్భగుడి అయిన ఆ గుహలో కూర్చుంటుంది. పూజారి గడప బయట నిలిచి, "రావచ్చునా తల్లీ?" అని అడుగుతాడు. ఆమె రమ్మనేదాకా హారతి లేదు.

మొన్నటి జాతరలో వడ్లవారి కోడలు సుంకులమ్మ "ఇప్పుడు కాదు" అంది. మేళం ఆగింది. వచ్చిన జనమంతా, ముందువరసలో నిలబడ్డ మంత్రిగారితో సహా, ఎండలో నేలమీద కూర్చున్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.