మలుపు దగ్గర చలివేంద్రం

మా చెన్నకేశవయ్య మాస్టారిని ఏ సందేహం అడిగినా, ఆయన ముందు అడిగేది "బండుందా?" అని. ఉందంటే లేచి కండువా వేసుకుంటారు. లేదంటే, తెచ్చుకున్నాక అడగమంటారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున ఆయన వరండాలో చేరే మేమందరం ఒకప్పుడు ఆయన చేత దెబ్బలు తిన్నవాళ్లమే. నోటితో చెబితే మీకు ఎక్కదని అప్పుడే తేలిపోయిందిగా, అంటారాయన. ఆ మాటకు నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా ఆదివారం వచ్చిందంటే వెళ్లకుండా ఉండలేను.

ఉగాది వెళ్లి కొన్ని వారాలైన తర్వాత ఒక ఆదివారం కాశిరెడ్డి వచ్చాడు. మాతో చదివినవాడే, ఇప్పుడు కరెంటు శాఖలో పెద్ద ఇంజనీరు. జిల్లా మొత్తం మీద ఎలక్ట్రిక్ బండ్లకు చార్జింగ్ స్టేషన్లు ఎక్కడెక్కడ పెట్టాలో తేల్చే పని వాడి నెత్తిన పడింది. మర్నాడే ప్లాను పైకి పంపాలి. వాడి ముఖం చూస్తే కంటినిండా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. వస్తూనే లాప్‌టాప్ తెరిచి మాస్టారి ముందు పెట్టాడు. తెర నిండా చుక్కలే. బండ్లున్న చోట పెడదామంటే బండ్లన్నీ టౌన్లోనే ఉన్నాయట. పల్లెల్లో పెడదామంటే అక్కడ బండ్లే లేవట. స్టేషన్ లేదని వాళ్లు బండి కొనరు, బండి లేదని వీళ్లు స్టేషన్ పెట్టరు. పోనీ కంప్యూటర్ని అడుగుదామంటే, అడిగినప్పుడల్లా అది ఒక్కో మ్యాపు ఇస్తోందట. దేన్ని చూసినా అదే సరైనదిలా కనిపిస్తోందట.

"ఎక్కడ పెట్టాలి సార్? ఆ ఒక్కటీ చెప్పండి చాలు" అన్నాడు.

వాడి దిగులు ఉద్యోగం గురించే అయితే నేను పెద్దగా జాలిపడేవాణ్ణి కాదు. అసలు సంగతి మస్తానమ్మ. అంతకుముందు మిరపకోతలకు వెళ్లి బతికిన మనిషి. కిందటేడు ఒక సభలో కాశిరెడ్డి మైకు పట్టుకుని, ఇక ఊరూరా స్టేషన్లు వస్తున్నాయని చెబితే, ఆ మాట నమ్మి ఎలక్ట్రిక్ ఆటో కొనుక్కుంది. టౌను నుంచి కొండ కింది పల్లెలకు జనాన్ని తిప్పుతుంది. ఇంట్లో చార్జింగ్ పెట్టుకుని బయల్దేరితే పోయి రావడానికి సరిగ్గా సరిపోతుంది. పక్క ఊరిదాకా రమ్మని ఎవరైనా అడిగితే ఇక అంతే సంగతులు, దారిలో ఆగిపోవలసిందే. అలా ఆగి, ఎండలో జనాన్ని దింపేయవలసి వచ్చేసరికి, ఆమె ఆటో ఎక్కడానికి జంకుతున్నారు. ఎండాకాలం దాటేలోగా దారిలో ఒక్క స్టేషనైనా రాకపోతే ఆటో అమ్మేసి మళ్లీ కోతలకే పోతానని కాశిరెడ్డి ముఖం మీదే చెప్పిందట. "నీ మాట మీదనే కొన్నా గదన్నా" అని ఊరుకుందట. తిట్టి ఉంటే నా మనసు కాస్త తేలికపడేది సార్, అంటూ వాడు తల పట్టుకున్నాడు.

మాస్టారు లాప్‌టాప్ మూసి, బండుందా అన్నారు. కాశిరెడ్డి కారు తాళం చూపించాడు. అది కాదు, ఆ అమ్మాయి ఆటో పిలిపించమన్నారు. ఎక్కడికని అడిగితే, ఎండలు ముదిరాయి కదా, చలివేంద్రాలు చూసొద్దామన్నారు. కాశిరెడ్డి నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. చలివేంద్రాలేమిటో, అవి చూడ్డానికి మా ఆదివారమే దొరికిందేమిటో, నాకు మాత్రం ఏం తెలుసు?

మా వైపు ఎండాకాలం వస్తే చలివేంద్రం పెట్టని సంఘమంటూ ఉండదు. తాటాకు పందిరి, ఇసుక మీద కుండలు, పైన ఫ్లెక్సీ, రిబ్బన్ కత్తిరింపు. మొదటిరోజు వచ్చినవాళ్లందరికీ మజ్జిగ, ఇచ్చినవాళ్లందరికీ ఫొటో. మస్తానమ్మ ఆటోలో బస్టాండు సెంటరుకు చేరేసరికి అలాంటివి వరసగా కనిపించాయి. ఏ కుండలోనూ చుక్క నీళ్లు లేవు. కొన్నింటిని బోర్లించేశారు. ఒక పందిరి కింద కుక్క హాయిగా నిద్రపోతోంది. అది చూడగానే కాశిరెడ్డి ముఖం వెలిగింది. అర్థమైంది సార్, అన్నాడు. ఇక్కడ ఏ కొట్టుకు వెళ్లినా నీళ్ల ప్యాకెట్ దొరుకుతుంది, కుండతో అవసరమేముంది, పెట్టిన చోటే తప్పు, నిజంగా దాహమేసే చోట పెట్టాలి, అంటూ జేబులోంచి పెన్ను కూడా తీశాడు. మాస్టారు ఊఁ అని, ఇంకా ముందుకు పోనివ్వమన్నారు.

టౌను దాటి, పలకల గనులు దాటాక రోడ్డు పక్కన ఒక్క చెట్టు ఉండదు. కొండ పల్లెల నుంచి కాలిబాటన దిగివచ్చే వాళ్లంతా బస్సు కోసం ఒక మలుపు దగ్గర నిలబడతారు. ఆ మలుపులో ఒక పందిరి ఉంది. దాన్ని చూడగానే కాశిరెడ్డి సీట్లో వెనక్కి జరిగాడు. అది వాడి ఉద్యోగుల సంఘం పెట్టిన చలివేంద్రం. ఫ్లెక్సీలో వాడే రెండు చేతులూ జోడించి దండం పెడుతున్నాడు.

మాస్టారు ఆటో దిగి, దాహంగా ఉంది కాశీ, అన్నారు. వాడు కుండ మూత తీశాడు. లోపల ఎండుటాకులు, వాటి మీద ఒక తొండ. అది మమ్మల్ని చూసి ఏమీ బెదరలేదు. ఉగాదినాడు తానే రిబ్బన్ కత్తిరించానని, నీళ్లు పోసే పని లైన్‌మన్‌కు అప్పజెప్పామని, అతనికి వేరే ఊరికి బదిలీ అయిందని, పంచాయతీవాళ్లు చూసుకుంటున్నారని సంఘమూ, సంఘం చూసుకుంటోందని పంచాయతీవాళ్లూ అనుకుని ఉంటారని నసుగుతూ చెప్పుకొచ్చాడు.

"చోటు సరైందేనా?" అని అడిగారు మాస్టారు.

ఈ రోడ్డు మీద ఇంతకంటే సరైన చోటు లేదన్నాడు కాశిరెడ్డి. ఆ మాట అనేశాక వాడికే తికమకైంది. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. తప్పు చోట పెట్టిన కుండా ఎండిపోయింది, సరైన చోట పెట్టిన కుండా ఎండిపోయింది. మరి టౌన్లో తనకు అర్థమైంది ఏమిటి? వాడి సంగతి అలా ఉంచండి, నాకైతే మాస్టారు ఏ చోటు గురించి మాట్లాడుతున్నారో కూడా తెలియకుండా పోయింది.

ముందు కుండ నింపండి, అన్నారాయన. దగ్గరలో నీళ్లంటే రోడ్డు దిగి లోపలికి వెళ్తే వచ్చే పల్లెలోని చేతిపంపే. మస్తానమ్మ మాస్టారికే సూటిగా చెప్పింది. నీళ్లకని అటు తిరిగితే బండి తిరిగి టౌనుకు చేరదు, సాయంత్రం బేరం పోతుంది అయ్యవారూ, అని. బండి నీది, నీ ఇష్టం తల్లీ, అన్నారాయన. ఆమె కాసేపు కుండ వైపు చూసింది. ఇక్కడ ఎండలో నిలబడేది నా ఆటో ఎక్కేవాళ్లే గదా అని, స్టార్ట్ చేసింది. పల్లెలో బిందెలు అడిగి తెచ్చుకుని, పంపు కొట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చి, కడిగి, మళ్లీ వెళ్లి, మళ్లీ తెచ్చాం. నా పంచె తడిసి కాళ్లకు చుట్టుకుంది. ఇంట్లో ఒక చెంబు కూడా ఎత్తని నా చేత ఈ వయసులో బిందెలు మోయించిన ఘనత మాస్టారిదే. ఆఖరి బిందె దింపి ఇల్లు చేరదామనుకునేసరికి ఆటో కదలలేదు. మస్తానమ్మ ఎవరికో ఫోన్ చేసి ట్రాక్టరు రమ్మంది. సీట్లోంచి దిగుతూ ఒక్కసారి స్టీరింగ్ మీద చెయ్యి వేసి నిమిరింది. కాశిరెడ్డి అది చూసి తల తిప్పుకున్నాడు.

ట్రాక్టరు కోసం పందిరి కింద కూర్చున్నాం. గొర్రెలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చి, అలవాటు చొప్పున దాటి పోబోయి, ఆగి, మూత తీసి లోపలికి చూశాడు. మా అందరినీ ఎగాదిగా చూశాడు.

"ఏంది సామీ, నీళ్లుండయ్ ఈ పొద్దు? ఎలచ్చన్లేమన్నా వచ్చినయ్యా?" అన్నాడు.

ఆయన కడుపారా తాగి, మీసం తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ వెనకే కొండ మీంచి దిగిన ఆడవాళ్లు తాగారు, పిల్లల ముఖాలు కడిగారు. వాళ్లను చూస్తుంటే కాశిరెడ్డికి కళ్లు చెమర్చాయి. లేచి మస్తానమ్మ దగ్గరికి వెళ్లి, జిల్లాలో మొదటి స్టేషన్ ఈ మలుపులోనే పెడతానని, రేపు పంపే ప్లానులో మొదటి చుక్క ఇదేనని, ఈసారి మైకులో కాదు, ఎదురుగా నిలబడి మాటిస్తున్నానని చెప్పాడు. మనస్ఫూర్తిగానే చెప్పాడు. ఆమె సంతోషిస్తుందనుకున్నాను.

"అది పనిచెయ్యకపోతే నేనెవరికి చెప్పాలన్నా?" అని అడిగింది.

కాశిరెడ్డి వెంటనే చెప్పడం మొదలుపెట్టాడు. మిషను మీద ఒక నంబరు ఉంటుంది, దానికి చేస్తే వాళ్లు కాంట్రాక్టరుకు చెబుతారు, లైను పోతే మాత్రం మా సెక్షన్ ఆఫీసు, స్థలం గొడవైతే పంచాయతీ... అంటూ కొంతదూరం పోయి, వెనక్కొచ్చి, మళ్లీ ఇంకోవైపు నుంచి మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. ఆమె మర్యాదగా వింటూనే ఉంది. వాడు తిరిగి మాస్టారి వైపు చూశాడు.

మాస్టారు అందరూ తాగాక తాను తాగి, గ్లాసు బోర్లించి, కుండ మీద మూత సరిచేశారు.

"కుండ నిండింది కాశీ" అన్నారు. "రేపు పొద్దున నింపడానికి ఎవరొస్తున్నారు?"