మంచెక్కిన అంకాళమ్మ

పూర్వం నల్లమల అడవుల అంచున ఎర్రదొన అనే గ్రామంలో ఓబుళమ్మ అనే రైతు ఇల్లాలు నివసించేది. మనిషి మొండిది, నోరు అంతకన్నా మొండిది. ఆ గ్రామాన్ని రక్షించే దేవత అంకాళమ్మ మహిమను వర్ణించడం మనవంటి అల్పుల తరం కాదు గానీ, ఆ తల్లి పేరు చెప్పి ఊరివాళ్లు చేసిన తెలివితక్కువ పని ఒకటుంది, దాన్ని చెప్పుకోక తప్పదు. అడవిపందులు అమ్మవారి మంద అనీ, వాటి ఆకలి తీరిస్తే పైరు జోలికి రావనీ నమ్మి, ఏటా విత్తనం వేసిన రోజున ఇంటికొక చాటెడు నానబెట్టిన జొన్నలు అడవి అంచున పోసి, భక్తితో దండం పెట్టి వచ్చేవారు. దానికి అడవిమేత అని పేరు. ఇంకేముంది! జొన్నల రుచి మరిగిన మంద చాటెడుతో ఆగుతుందా? పాలుపోసుకున్న కంకులను నమిలి, తినగా మిగిలిన చేనంతా తొక్కి నేలమట్టం చేసి పోయేది.

రెండేళ్లు వరుసగా ఆ ఊళ్లో గింజ ఇల్లు చేరలేదు. రెండో ఏడు కాపలాకు వెళ్లిన ఓబుళమ్మ పెనిమిటి చెన్నప్పను ఒక మదించిన మగపంది తొడ చీల్చి మంచాన పడేసింది. మూడో ఏడు ఆమె అటక మీద మిగిలిన ఆఖరి విత్తనాలు తెచ్చి చల్లింది. ఆ పైరు కూడా పోతే మళ్లీ చల్లడానికి పిడికెడు గింజ లేదు, కుంటివాడైన మొగుణ్ణి వెంటబెట్టుకొని దేశం పట్టిపోవడమే గతి. అందుకే ఆ ఏడు ఓబుళమ్మ అడవిమేత పోయలేదు. పూజారి పోలయ్య వాకిట్లో నిలబడి, "అమ్మవారి మందకు మేత ఎగ్గొడతావా? ఊరికంతా అరిష్టం గదమ్మా!" అని గద్దించాడు.

"పరాయి పశువు చేలో పడితే దాన్ని తోలుకొచ్చి, ఆసామిని పిలిచి నిలదీస్తాం గదా సామీ. ఈ మంద ఆసామి గుళ్లో కూర్చుని నైవేద్యం తింటుంటే మనమేమో దండాలు పెడతామా? నాకు చేతగాదు," అన్నది ఓబుళమ్మ.

అన్నదే తడవుగా గుడికి వెళ్లి, జానెడు ఎత్తున్న అంకాళమ్మ శిలామూర్తిని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకొని, నడివీధిలో నడిచిపోయి తన చేలోని మంచె మీద కూర్చోబెట్టింది. పక్కనే ఒక వడిసెల, గుప్పెడు రాళ్లు పెట్టింది. "నీ మందను నువ్వే తోలుకో తల్లీ. తోలితే కూలి ఇస్తాను, మొక్కు మాత్రం మొక్కను," అని ముఖాన చెప్పేసింది. కళ్లు పోతాయే అని ఊరంతా గుండెలు బాదుకుంది. ఒక్కరూ ఆ చేను ఛాయలకు రాలేదు.

కంకి పాలుపోసుకున్న పదోనాటి సాయంసంధ్యలో మంద దిగింది. ముందు నడుస్తున్నది చెన్నప్పను చీల్చిన ఆ మగపందే. ఓబుళమ్మ తన వడిసెల తాడు తెగేదాకా రాళ్లు రువ్వి, ఆపైన వట్టి చేతులతో దానికి ఎదురు నిలిచి, వెనక్కి తిరగకుండానే, "చూస్తూ కూర్చున్నావేమే? నీకు చేతులు లేవా?" అని అరిచింది. ఆహా, ఏమి చెప్పుదును! మంచె మీద వడిసెల గిర్రున తిరిగిన శబ్దం వినవచ్చింది. ఒక రాయి ఆమె తల మీదుగా దూసుకుపోయి పంది నుదుట తగిలింది. ఆ క్షణమే అది నిలుచున్నచోట నిలుచున్నట్టే శిలయై పోయింది. తక్కిన మంద అడవిలోకి పరుగుతీసింది.

మర్నాడు పోలయ్య హారతిపళ్లెంతో వచ్చి, తల్లిని గుడికి తీసుకుపోదామని పూనుకున్నాడు. నలుగురు మగవాళ్లు కలిసి ఎత్తినా జానెడు విగ్రహం కదలలేదు. అడవిమేత ఆనాటితో ఆగిపోయింది.

నేటికీ ఎర్రదొనలో అంకాళమ్మకు గోపురం లేదు. నాలుగు రాతిస్తంభాల మంచె మీద, పైకప్పు లేకుండా, అడవివైపు తిరిగి కూర్చుని ఉంటుంది. ఎదుట పందిగుండు, దాని నుదుట బొటనవేలు పట్టేంత గుంట. కోత ముగిశాక ఊరి ఆడవాళ్లు నిచ్చెన ఎక్కి, కుంచెడు కొత్తజొన్నలు కూలిగా కొలిచి తల్లి ఒడిలో పోస్తారు. పంట పోయిన ఏడు కూలీ లేదు, దీపమూ లేదు, ఊరితోపాటు అమ్మవారికీ పస్తే. ఆ తల్లికి కోపం రాదా అని పొరుగూరివాళ్లు భయపెడితే ఎర్రదొన ఆడవాళ్లు కొంగు బిగించి, "రానీ. వచ్చిన కోపమంతా పందుల మీద చూపించమను," అంటారు.