నేతి అన్నం తిన్న కోళ్ళు

వెనకటికి సింగారి అనే ఆమె ఓ జమీందారు గారి కోళ్ళు కాసేది. ఆయనకి లావుపాటి కోళ్ళంటే మోజు. బయట తిరిగితే చిక్కిపోతాయని వాటిని చీకటి కొట్లో పెట్టించి, తను తినే నేతి అన్నమే పూటపూటా మేపించాడు. కోళ్ళు గుమ్మడికాయల్లా ఊరాయి గానీ, కాళ్ళు వంకరపోయి చతికిలబడ్డాయి.

"నువ్వే విరగ్గొట్టావు! ఊళ్ళోంచి వెళ్ళగొడతాను!" అని జమీందారు గర్జించాడు.

"తిండి మార్చండని, ఎండలోకి వదలండని అప్పుడే మొత్తుకున్నాను దొరా," అంది సింగారి.

"నేతి అన్నం తింటే కాళ్ళు పోతాయటే? పద, చూస్తాను!" అంటూ ఆయన లేవబోయి, లేవలేకపోయాడు. ఇద్దరు నౌకర్లు చెరో రెక్కా పట్టి లేపితే, రెండడుగులేసి మోకాళ్ళు పట్టుకుని కూలబడ్డాడు.

సింగారి చేతులు జోడించింది. "కోళ్ళ కాళ్ళు నేనే విరగ్గొట్టాననుకోండి దొరా. మరి తమరి కాళ్ళు విరగ్గొట్టిందెవరు?"

నౌకర్లు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు. జమీందారు కాసేపు గుడ్లురిమి, ఆఖరికి తనే పకపకా నవ్వేశాడు.

మర్నాటి నుంచి కోళ్ళకి తవుడూ, నత్తగుల్లల పొడీ, ఆరుబయట ఎండా దక్కాయి. వాటి వెనకే కర్ర పట్టుకుని జమీందారూ పెరడంతా తిరగసాగాడు. ఆయన ఆగినప్పుడల్లా సింగారి "హుష్!" అనేది, కోళ్ళనే లెండి.